లాల్‌బాగ్ దగ్గర అద్దె ఇల్లు: ఏ గేటు వైపు చూసుకోవాలి?

మీరు ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేస్తున్నారనీ, రోజూ ఉదయం నడవవలసిన మీ అమ్మగారి కోసం బెంగళూరులోని లాల్‌బాగ్ తోట పరిసరాల్లో రెండు పడకగదుల ఫ్లాట్ తీసుకోవాలనుకుంటున్నారనీ చెప్పి, అందుకు ఎక్కువ అద్దె ఇవ్వడం సబబేనా అని అడిగారు. పడమటి గేటు వైపు కొన్నేళ్లు అద్దెకు ఉన్న అనుభవంతో చెబుతున్నాను: ఇవ్వవచ్చు, అయితే ఇల్లు గేటుకు దగ్గరగా ఉంటేనే.

లాల్‌బాగ్ విస్తీర్ణం 240 ఎకరాలు. చుట్టూ ప్రహరీ గోడ ఉంది, లోపలికి వెళ్లే గేట్లు నాలుగే. ‘లాల్‌బాగ్ పక్కనే’ అని ప్రకటనలో రాసిన ఇల్లు నిజంగానే గోడ పక్కన ఉండవచ్చు గానీ, అక్కడి నుంచి గేటు చేరడానికి వాహనాల రద్దీ మధ్య, పగిలిన ఫుట్‌పాత్ మీద చాలా దూరం నడవవలసి రావచ్చు. ఆ నడకతోనే మీ అమ్మగారు అలసిపోతే తోట ఉన్నా లేనట్టే. సాయంత్రం గేట్లు మూశాక తోట మధ్య నుంచి దాటిపోయే వీలుండదు కాబట్టి, అవతలి వైపున్న ఆసుపత్రికి గానీ బజారుకు గానీ చుట్టూ తిరిగే వెళ్లాలి. కాబట్టి ఇల్లు చూసేటప్పుడు మ్యాపులో తోట అంచును కాకుండా, గేటును గుర్తుపెట్టి దూరం కొలవండి.

మీ ఉద్యోగాన్ని బట్టి చూస్తే పడమటి గేటు వైపే మేలు. గ్రీన్ లైన్‌లోని లాల్‌బాగ్ మెట్రో స్టేషను అక్కడే ఉంది; అందులో ఆర్.వి. రోడ్డు దాకా వెళితే, 2025 ఆగస్టులో మొదలైన యెల్లో లైన్ ఎక్కి ఎలక్ట్రానిక్ సిటీకి చేరవచ్చు. బసవనగుడి, గాంధీ బజారు కూడా ఈ వైపే కనుక కూరలకు, పూలకు, గుడికి అమ్మగారు ఎవరి సాయమూ లేకుండా వెళ్లి రాగలరు. అయితే ఇక్కడ శాకాహారులకే ఇల్లిస్తామనే యజమానులు చాలామంది ఎదురవుతారు. ఫోనులోనే ఆ మాట తేల్చుకుంటే ఉభయులకూ శ్రమ తప్పుతుంది. భాష గురించి బెంగ అక్కరలేదు, తెలుగు అర్థం చేసుకునేవారు ఈ ఊళ్లో వీధికి నలుగురు ఉంటారు. దక్షిణపు చిన్న గేటు అశోక పిల్లర్ దగ్గర ఉంది. జయనగర్ మొదటి, రెండో బ్లాకుల వీధులు ప్రశాంతంగా ఉంటాయి, అద్దెలూ అందుకు తగ్గట్టే ఉంటాయి. గాజు మేడకు దారితీసే ఉత్తరపు ప్రధాన ద్వారం వైపున్న మావళ్లి పాత పేట, అక్కడ సందులు ఇరుకు. ఎమ్‌టీఆర్ హోటల్లో ఫలహారం కోసం ఆ వైపు వెళ్లి రావడం వేరు, కారు పెట్టుకుని కాపురం ఉండడం వేరు.

ఉదయం నడిచేవారికి ప్రవేశ రుసుము లేదు. లోపల చెట్ల నీడన చదునైన దారులు ఉన్నాయి కనుక పెద్దవాళ్లకు ఇబ్బంది ఉండదు. సుమారు మూడు వందల కోట్ల సంవత్సరాల నాటిదని చెప్పే రాతిగుట్టను, దాని మీది కెంపేగౌడ గోపురాన్ని మాత్రం మోకాళ్లు బాగున్నవారికే వదిలేయమనండి. గణతంత్ర దినోత్సవానికీ, స్వాతంత్ర్య దినోత్సవానికీ జరిగే పుష్ప ప్రదర్శనల రోజుల్లో ఆ చుట్టుపక్కల వాహనం నిలపడానికి చోటు దొరకదు, మెట్రోలో కాలు పెట్టే సందుండదు. చుట్టాలు ఎక్కువగా వచ్చేదీ అప్పుడే. జనవరి చివరలో, ఆగస్టు నడిమిన ఇల్లు మారే పని పెట్టుకోకండి.

పచ్చదనం పక్కన ఉండడంలో సుఖం ఎంతో, దోమలూ అంతే. కిటికీలన్నిటికీ వల ఉందో లేదో చూడండి. పెద్ద చెట్ల నీడన ఉండే పడక గదుల్లో వానాకాలంలో గోడలు చెమ్మగిల్లుతాయి కాబట్టి, కొత్తగా రంగు వేసిన గోడను చూసి తృప్తిపడకుండా అల్మారాల వెనుక చెయ్యి పెట్టి చూడండి. కావేరి నీటి కనెక్షన్ ఉందా, లేక బోరు మీదే ఆధారపడ్డారా అన్నది యజమానిని కాక వాచ్‌మన్‌ను అడగండి. నీటి ఎద్దడి వచ్చిన 2024 వేసవిలో ట్యాంకర్లు ఎన్నిసార్లు తెప్పించారో అతనికి గుర్తుంటుంది.

డబ్బు విషయానికి వస్తే, పది నెలల అద్దె అడ్వాన్సుగా తీసుకోవడం బెంగళూరు పాత అలవాటు. ఇళ్లకు రెండు నెలలు మించకూడదని 2021 నాటి కేంద్ర నమూనా అద్దె చట్టం చెబుతుంది గానీ, అది నమూనా మాత్రమే కనుక దాన్ని చూపించి వాదించే కన్నా, బేరమాడి ఐదారు నెలలకు తగ్గించుకోవడం తేలిక. ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు కింద ఒక నెల అద్దె పట్టుకోవడం కూడా ఇక్కడ మామూలే. మా యజమాని దానికి తోడు శుభ్రం చేయించిన ఖర్చు కూడా కోత పెట్టాడు. ఏయే ఖర్చులకు ఎంత మినహాయిస్తారో, మిగతాది ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో పదకొండు నెలల ఒప్పంద పత్రంలోనే రాయించండి. ఇంటికి విడిగా కరెంటు మీటరు ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి, ఎందుకంటే కర్ణాటక ప్రభుత్వపు గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడే అద్దెదారులకూ ఉచిత విద్యుత్తు వర్తిస్తుంది. మీకంటే ముందున్నవారి ఆధార్ ఆ మీటరుకు అనుసంధానమై ఉంటే, తాళాలు తీసుకునే లోపే దాన్ని తొలగింపజేయమని యజమానికి చెప్పండి.