కోళ్లు పెంచుతానంటున్న కొడుకు: కొనేవాళ్లెవరో ముందు తెలుసుకోనివ్వండి

ప్రశ్న: మాది పాకాల దగ్గర పల్లె. మా అబ్బాయికి 22 ఏళ్లు, తిరుపతిలో డిగ్రీ పూర్తి చేశాడు. గ్రూప్స్ కోచింగ్‌కు పొమ్మంటే, ఇంటి వెనక స్థలంలో నాటుకోళ్లు పెంచుతానంటున్నాడు. కోళ్లు మేపేవాడికి పిల్లనెవరిస్తారని నాకు నిద్ర పట్టడం లేదు. కోచింగా, కోళ్లా, ఏది మేలు?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. ఒకరింట్లో కోళ్లు, ఇంకొకరింట్లో పుట్టగొడుగులు. అందరికీ లోపలున్న భయం ఒకటే, నలుగురూ ఏమనుకుంటారోనని. ఆ టెన్షన్ ముందు వదిలేయండి. మీ అబ్బాయి చెడిపోలేదు, సొంతంగా ఏదో చేస్తానంటున్నాడు. కోచింగ్ ఫీజు, హాస్టల్ ఖర్చు కట్టేటప్పుడు ఉద్యోగం వస్తుందా అని ఎవరినైనా నిలదీశారా? కోళ్ల దగ్గరికొచ్చేసరికే లెక్కలన్నీ గుర్తొస్తున్నాయి. పిల్లనెవరిస్తారన్న మాట వాడి ముందు మళ్లీ అనకండి.

నా భయం వేరే ఉంది. యూట్యూబ్ చూసి ఫారం పెట్టేవాళ్లను చూస్తే గుండె ఝల్లుమంటుంది. "కోడిపిల్లలు మా దగ్గరే కొనండి, పెద్దయ్యాక మేమే తీసుకుంటాం" అంటూ కడక్‌నాథ్ అనే నల్లకోడి పేరు చెప్పి తిరిగేవాళ్లున్నారు. ఈము పక్షులకూ ఇదే మాట చెప్పారు. 2012 ప్రాంతంలో, పక్కనే తమిళనాడులో, కొంటామన్నవాళ్లు చేతులెత్తేస్తే పెంచినవాళ్లు మేత వేయలేక పక్షులను వదిలేశారు. అలాంటి వ్యాపారంలో కస్టమర్ మీ అబ్బాయే. వెయ్యి కోళ్ల షెడ్డు, బ్యాంకు లోను అంటే మాత్రం గట్టిగా వద్దనండి.

ఇక అసలు కొనేవాళ్ల సంగతి. ఆదివారం పొద్దున్నే బండి మీద వచ్చే ఇంటాయన కోడిని ఎత్తి, రొమ్ము ఎముక తడిమి, పుంజైతే కాలి ముల్లు ఎంత పెరిగిందో చూసి లేతదో ముదురుదో చెప్పేస్తాడు. గుడ్డుకు రాని పెట్ట ఉందా అని అడుగుతాడు. బేరం గట్టిగా ఆడతాడు, కానీ కూర బాగుంటే మళ్లీ వస్తాడు. టౌన్‌లో అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు బతికిన కోడి వద్దు. కాల్చి, పసుపు రాసి, ముక్కలు కొట్టిస్తే ఆ పనికి వేరే డబ్బులిస్తారు. మొక్కు ఉన్నవాళ్లు మే నెలలో గంగమ్మ జాతరకు వస్తారు, కొందరు రంగు కూడా చూస్తారు. ఆ గిరాకీ చూసి కోళ్లు పెంచుకుంటూ పోతే చాలామంది మాంసం ముట్టని పెరటాసి నెలలో, కార్తీకంలో అడిగేవాడుండడు, మేత ఖర్చు మాత్రం ఆగదు.

సంగటి, నాటుకోడి పులుసు పెట్టే హోటళ్లు ఊరిస్తాయి. వాళ్లకు వారం వారం ఒకే బరువు కోళ్లు కావాలి. నాటుకోడి కిలో దాటడానికే 5-6 నెలలు పడుతుంది, 50 కోళ్లున్నవాడు ఆ మాట నిలబెట్టుకోలేడు. గుడ్లకు చిన్నపిల్లల తల్లులు వస్తారు. నాటు పెట్ట పెట్టే గుడ్లు తక్కువ. హైదరాబాద్ కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన గ్రామప్రియ ఎక్కువే పెడుతుంది, అయితే దాన్ని నాటు గుడ్డని చెప్పి అమ్మకూడదు. సంక్రాంతి పందేలకు పుంజు అడిగేవాళ్లు వేలు చూపిస్తారు, కానీ అది చట్టవిరుద్ధం, ఆ గుమ్మం తొక్కొద్దు.

నాకు నచ్చే కస్టమర్లు మీ ఊరి ఆడవాళ్లే. కొక్కెర రోగానికి టీకాలు వేసి నెల రోజులు పెంచిన కోడిపిల్లలను పదేసి కొనుక్కుంటారు. వాళ్లకు పెద్ద హంగులు అక్కర్లేదు, పిల్ల చావకుండా ఉంటే చాలు.

అందుకే షెడ్డు కంటే ముందు ఆరు నెలలు, ఊళ్లో వారానికి ఓ పది కోళ్లు కొని తిరుపతిలో అమ్మి చూడమనండి. ఎవరు ఏం అడిగారో, ఎందుకు కొనకుండా వెళ్లిపోయారో నోటుబుక్కులో రాసుకోవాలి. టీకాల సంగతి తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీలోనో, మీ మండలం పశువుల ఆసుపత్రిలోనో అడిగి తెలుసుకోవచ్చు. పొద్దున, సాయంత్రం పని పోను మధ్యాహ్నమంతా ఖాళీయే, గ్రూప్స్‌కు చదువుకోవాలనుంటే అడ్డేం లేదు. ఆరు నెలలయ్యాక ఆ నోటుబుక్కు పట్టుకుని ఇద్దరూ నా దగ్గరికి రండి, షెడ్డు ఎంత వేయాలో అప్పుడు లెక్క చూద్దాం.