రాగి చెంబు పక్కన చెయ్యి పెట్టి చూడు

బుజ్జీ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. ఐదు వేళ్ళ గోళ్ళకీ ఐదు మెటాలిక్ నెయిల్ పాలిష్ షేడ్లు వేసుకుని "పెద్దమ్మా, నా నలుపుకి ఏది నప్పుతుంది?" అని అడిగావు. ట్యూబ్‌లైటు కింద తీసిన ఫొటోలా ఉంది, ఆ వెలుగులో రాగి కూడా సీసంలా కనిపిస్తుంది. పైగా నువ్వు నలుపేంటే? చక్కటి చామనచాయ. నలుపైతే మాత్రం ఏం? మెటాలిక్ రంగు ముదురు చేతి మీదే బాగా మెరుస్తుంది.

తెలుపా నలుపా అని కాదు, చర్మం అడుగునుంచి తొంగిచూసే ఛాయని చూడాలి. పార్లర్‌లో అండర్‌టోన్ అంటాం. మణికట్టు దగ్గర నరాలు ఆకుపచ్చగా ఉంటే పసుపు ఛాయ, నీలంగానో ఊదాగానో ఉంటే గులాబీ ఛాయ అంటారు. మన చేతుల్లో ఆ నరాలు సరిగ్గా కనబడి చావవు, అందుకే ఆ పరీక్షని నేను పెద్దగా నమ్మను.

నాది వంటింటి పరీక్ష. పొద్దున్నే వరండాలోకి రాగి చెంబు, ఇత్తడి గరిటె, వెండి గ్లాసు తెచ్చుకో. ఒక్కోదాని పక్కన చెయ్యి ఆనించు. దేని పక్కన చర్మం బూడిద పూసినట్టు కనిపిస్తుందో ఆ రంగు వదిలెయ్. నీది మీ నాన్నలాగే పసుపు ఛాయ చెయ్యి కాబట్టి రాగి, కంచు, పాత బంగారం నప్పుతాయని నా అంచనా. గులాబీ ఛాయ వాళ్ళకి వెండి, గన్‌మెటల్ (ముదురు బూడిద రంగు), వంకాయరంగు మెటాలిక్ బాగుంటాయి. రోజ్ గోల్డ్ చాలామందికి నప్పుతుంది గానీ, నీ చర్మం రంగుకి మరీ దగ్గరగా ఉన్నది కొనకు, గోరు వేలిలో కలిసిపోతుంది.

ఇంకొకటి, గోరింటాకు. మీ అమ్మ పెళ్ళికి నేను తెలివి ఎక్కువై, పండిన గోళ్ళ మీద పల్చగా వెండి రంగు వేశాను. అడుగునుంచి ఎరుపు కనబడి, గోళ్ళన్నీ తుప్పు పట్టిన రేకుల్లా తయారయ్యాయి. మీ అమ్మ ఆ ఫొటోలు ఇప్పటికీ చూపించి దెప్పుతుంది. గోరింటాకు ఎరుపు రిమూవర్‌తో పోదు. గోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది, కాబట్టి ఆషాఢంలో పెట్టుకున్నది దీపావళి దాకా కొసన ఎక్కడో కనబడుతూనే ఉంటుంది. అన్నాళ్ళూ రాగి, కంచు వేసుకో, ఆ ఎరుపు వాటిలో కలిసిపోతుంది.

వేసేటప్పుడు సీసాని గట్టిగా ఊపకు, బుడగలొస్తాయి. అడుగున దిగిన మెరుపు పొడి కలిసేలా రెండు అరచేతుల మధ్య దొర్లించు. మెటాలిక్‌లో బ్రష్ గీతలూ, గోటి మీది గాట్లూ దాగవు. ముందు బేస్ కోట్ (రంగు కింద వేసే పూత) వేసి, తర్వాత పల్చగా రెండు కోటింగులు, గోటి మొదలునుంచి కొసకి ఒకే వైపు లాగు. మొదటిది ఆరకముందే రెండోది వేస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

షాపులో కొనేముందు ఒక్క గోటికి వేయించుకుని, గుమ్మం బయటికొచ్చి ఎండలో చూసుకో. షాపువాడు ఏమనుకున్నా సరే.

ఆదివారం పొద్దున చెంబు పక్కన చెయ్యి పెట్టి ఫొటో పంపు. వెండి గ్లాసు మాత్రం మీ అమ్మ లేచేలోపు బీరువాలో పెట్టెయ్.

మీ పెద్దమ్మ