రాజీనామా మాత్రం రాయకండి మాస్టారూ

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఒక మండల కేంద్రం. పదకొండేళ్లుగా ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. స్లిప్ టెస్టులో కాపీ కొడుతుంటే ఒక అబ్బాయి పేపరు లాక్కున్నాను. రెండు రోజులకి వాళ్ల నాన్న పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడు. తొమ్మిదో తరగతి అమ్మాయిని సాయంత్రాలు ఒంటరిగా ఆపి అసభ్యంగా ప్రవర్తిస్తున్నానని అందులో ఉంది, అమ్మాయి పేరుతో సహా. మార్కులు తక్కువ వచ్చిన ఆరుగురిని టెస్టు మళ్లీ రాయించడానికి ఆపిన మాట నిజమే. ఆ అమ్మాయి వాళ్లలో ఒకతి. ఆమె తల్లిదండ్రులు ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. అయినా కరస్పాండెంట్ పిలిచి, ‘గొడవ ముదరకముందే రాజీనామా ఇచ్చేయండి, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ మంచిగా రాసిస్తాం’ అంటున్నారు. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే ఉన్నాయి. స్టేషన్‌కి వెళ్తే కేసు రాసుకోలేదు. సాయంత్రం ట్యూషన్‌కి మా గుమ్మం ముందు పద్నాలుగు జతల చెప్పులుండేవి. ఇప్పుడు రెండు. నిజం నిలకడ మీద తెలుస్తుంది, ఊరుకోమని మా మామయ్య అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: మాస్టారూ, ముందు ఆ రాజీనామా సంగతి. రాయకండి. తెల్ల కాగితం మీద సంతకం కూడా పెట్టకండి. ఉద్యోగంలో చేరినప్పుడే ఖాళీ కాగితం మీద సంతకం తీసుకునే స్కూళ్లున్నాయి. మీ దగ్గరా తీసుకుని ఉంటే ఆ విషయం మీ లాయరుకి ఇప్పుడే చెప్పండి.

కరస్పాండెంట్ గారి మాట మీ మేలు కోరినట్టే వినిపిస్తుంది. చట్టంతో పోల్చి చూస్తే అసలు రంగు తెలుస్తుంది. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరుగుతుందేమోనన్న అనుమానం ఉన్నా ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. తన కింద పనిచేసే మనిషి అలాంటి నేరం చేశాడని తెలిసీ దాచిన సంస్థ అధిపతికి 21వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, జరిమానా. అంటే ఆయన ఆ మెసేజ్ నమ్మితే మిమ్మల్ని మంచి సర్టిఫికెట్ ఇచ్చి ఇంకో స్కూలుకి సాగనంపడం నేరం. నమ్మకపోతే మిమ్మల్ని పంపడం అన్యాయం. రాజీనామా ఆయనకి ఈ రెండు బాధ్యతలూ తప్పిస్తుంది. మీకు మాత్రం ‘తప్పు చేశాడు కాబట్టే వెళ్లిపోయాడు’ అన్న ముద్ర మిగులుస్తుంది. రేపు కోర్టులో అవతలి లాయరు మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న కూడా అదే: తప్పు చేయకపోతే ఎందుకు మానేశారండీ?

కాబట్టి విచారణ మీరే అడగండి. నా దగ్గరికొచ్చే టీచర్లు ఈ మాట వినగానే కంగారు పడతారు. విచారణ అంటే శిక్షలో సగమనుకుంటారు. కానీ పుకారుకి ఫలానా తేదీ ఉండదు, సాక్షి ఉండడు, చివర సంతకం ఉండదు. విచారణకి ఈ మూడూ ఉంటాయి. కరస్పాండెంట్‌కి, హెడ్మాస్టర్‌కి ఒకే ఉత్తరం రాయండి, ఒక పేజీ దాటకూడదు. ఫలానా తేదీన గ్రూపులో నా మీద ఆరోపణ వచ్చింది, అది అబద్ధం, ఆ సాయంత్రం ఆరుగురు పిల్లలు ఫలానా గదిలో ఉన్నారు, ఆ రోజుల సీసీ కెమెరా రికార్డింగు చెరిగిపోకుండా భద్రపరచండి, విచారణ జరిపి ఫలితం రాతపూర్వకంగా ఇవ్వండి, నేను రాజీనామా చేయడం లేదు. ఇంతే. కెమెరా సంగతి మరవకండి. చాలా చోట్ల పాత రికార్డింగు మీద కొత్తది ఎక్కేస్తుంది, కొన్ని వారాలాగితే ఏమీ మిగలదు.

వాళ్లే తీసేస్తామని బెదిరిస్తే, ప్రైవేటు స్కూలైనంత మాత్రాన నోటిమాటతో పంపేయడం కుదరదు. 1982 నాటి ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టం 79వ సెక్షన్ ప్రకారం ఆరోపణలేమిటో చెప్పాలి, సంజాయిషీకి అవకాశమివ్వాలి, విచారణ జరపాలి. ఇక ఒరిజినల్ సర్టిఫికెట్లంటారా, అవి మీ సొత్తు. ఉద్యోగానికి తాకట్టు పెట్టే వస్తువులు కావు. అదే ఉత్తరంలో కాకుండా విడిగా రాసి అడగండి. రెండూ కలిపితే వెళ్లిపోవడానికి సిద్ధపడ్డారనుకుంటారు.

ఇప్పుడు కష్టమైన మాట చెబుతాను. ఆ అమ్మాయి ఇంటికి వెళ్లకండి. ఫోన్ చేయకండి. మీ ఆవిడని కూడా పంపకండి. ‘మా అమ్మాయికి ఏమీ కాలేదు’ అని వాళ్లు రాసిస్తే చాలు కదా అని మీకు అనిపిస్తుంది. మీరు వెళ్లి తెచ్చిన కాగితం బెదిరించి రాయించుకున్న కాగితంలా కనిపిస్తుంది. వాళ్లని మాట్లాడించాల్సింది విచారణ చేసేవాళ్లు, అదీ ఆ పిల్ల ఇబ్బంది పడకుండా. ఈ వ్యవహారంలో ఊళ్లో నలిగిపోతున్న రెండో మనిషి ఆ అమ్మాయి, ఆమె పేరు గ్రూపులో ఎక్కినందుకు. అందుకే ఆ వాయిస్ మెసేజ్ మీ అమాయకత్వం చూపించడానికైనా ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి. మీ నోటీసులో, ఫిర్యాదులో ఆమె పేరు రాయొద్దు.

పోలీసులు కేసు ఎందుకు రాసుకోలేదంటే, ఈసారి వాళ్ల తప్పు లేదు. పరువు నష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్. 2024 జూలై 1కి ముందు ఇదే ఐపీసీ 499, 500. రెండేళ్ల దాకా సాధారణ జైలు, జరిమానా, లేదా సమాజ సేవ. కానీ ఇది పోలీసులు తమంతట తాము దర్యాప్తు చేయగలిగే నేరం కాదు. మీరే మేజిస్ట్రేట్ కోర్టులో ప్రైవేటు ఫిర్యాదు వేయాలి. జడ్జి మీ చేత, మీ సాక్షుల చేత ప్రమాణం చేయించి వాంగ్మూలం తీసుకుంటారు. కొత్త నేర విచారణ చట్టంలో (భారతీయ నాగరిక సురక్షా సంహిత) కేసు స్వీకరించే ముందే అవతలి వ్యక్తికి కూడా చెప్పుకునే అవకాశం ఇస్తారు, కాబట్టి తొలి వాయిదాలోనే సమన్లు వెళ్తాయని ఆశపడకండి. ఎవరైనా ఇంటి మీదికొచ్చి కొడితే మాత్రం అది వేరే నేరం. అప్పుడు నేరుగా స్టేషన్‌కే వెళ్లండి.

ఆ తండ్రి ఏం వాదిస్తాడో కూడా ఆలోచించుకోవాలి. ‘పిల్లల క్షేమం కోసం చెప్పాను’ అంటాడు. సద్బుద్ధితో, చర్య తీసుకునే అధికారం ఉన్నవాళ్లకి చేసిన ఆరోపణ పరువు నష్టం కాదని ఆ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది. ఉండాలి కూడా. లేకపోతే నిజంగా బాధపడిన పిల్లల తల్లిదండ్రులు నోరు విప్పలేరు. ఆయన హెడ్మాస్టర్‌కో పోలీసులకో చెప్పి ఉంటే మీ కేసు బలహీనమయ్యేది. ఎవరికీ చెప్పకుండా గ్రూపులో అరిచాడు, అదీ కొడుకు పేపరు లాక్కున్న రెండు రోజులకి. మీ కేసు బలమంతా ఈ రెండు ముక్కల్లోనే ఉంది. అందుకే ఆ స్లిప్ టెస్టు పేపరు, మీరు దాని మీద ఎర్ర ఇంకుతో రాసిన తేదీ, వాయిస్ మెసేజ్ కంటే తక్కువ సాక్ష్యమేమీ కావు.

తప్పుడు ఫిర్యాదుకి పోక్సో 22వ సెక్షన్ ఉందని ఎవరో చెప్పే ఉంటారు. ఉంది, ఆరు నెలల దాకా జైలు. కానీ మీ మీద అసలు ఫిర్యాదే లేదు. గ్రూపు మెసేజ్‌కి దాన్ని తగిలించడం కష్టం. ఆన్‌లైన్‌లో అభ్యంతరకర మెసేజ్‌లు పెట్టడాన్ని నేరం చేసిన ఐటీ చట్టం 66ఎ అని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు, దాన్ని సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది. గ్రూపు అడ్మిన్ మీద కూడా వేయాలా అంటే నేను వద్దంటాను. సభ్యుడు పెట్టిన మెసేజ్‌కి అడ్మిన్ బాధ్యుడు కాడని బొంబాయి హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. పైగా రేపు ‘అవును, ఈ మెసేజ్ మా గ్రూపులోనే వచ్చింది’ అని చెప్పాల్సిన సాక్షి ఆ అడ్మినే.

ఆ మెసేజ్ వచ్చిన ఫోన్ మార్చకండి, రీసెట్ చేయకండి. అవతలివాడు తన దగ్గర డిలీట్ చేసినా మీ ఫోన్లో ఉన్న కాపీ కోర్టుకి పనికొస్తుంది, కానీ భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఆ ఎలక్ట్రానిక్ కాపీ ఎలా తీశారో ధ్రువీకరించే సర్టిఫికెట్ జతచేయాలి. స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి ఫైల్లో పెడితే సరిపోతుందనుకుని నష్టపోయినవాళ్లని చూశాను.

మీ మామయ్యగారి సలహా గురించి. 1810లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ఇద్దరు టీచరమ్మలు, మేరియన్ వుడ్స్, జేన్ పిరీ, ఒక చిన్న బాలికల పాఠశాల నడిపేవారు. వాళ్లిద్దరి సంబంధం గురించి ఒక విద్యార్థిని నాయనమ్మతో ఏదో చెప్పింది. ఆ పిల్ల మన దేశంలో పుట్టినదే, తండ్రి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. నాయనమ్మ పెద్దింటావిడ. మిగతా తల్లిదండ్రులకి కబురు పంపింది. రెండు రోజుల్లో స్కూలు ఖాళీ. టీచర్లు దావా వేశారు. మొదట ఏడుగురు జడ్జీల్లో నలుగురు కాదన్నారు, పునర్విచారణలో నలుగురు ఔనన్నారు, చివరికి 1819లో లండన్‌లో హౌస్ ఆఫ్ లార్డ్స్ కూడా టీచర్ల పక్షానే నిలిచింది. నిజం నిలకడ మీదే తెలిసింది, తొమ్మిదేళ్లకి. స్కూలు మాత్రం మళ్లీ తెరుచుకోలేదు.

అందుకే మీకు తేదీలు లెక్కపెట్టి చెబుతున్నాను. నష్టపరిహారం కోసం సివిల్ దావా వేయాలంటే మెసేజ్ వెలువడిన రోజు నుంచి ఏడాది మాత్రమే గడువు. క్రిమినల్ ఫిర్యాదుకి మూడేళ్లు. సివిల్‌లో అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి కాబట్టి కోపంలో కోటి అని రాయకండి. పోయిన ట్యూషన్ డబ్బుకి మీ నోటు పుస్తకంలో లెక్క ఉంటే అదే సాక్ష్యం. వాటికంటే ముందు లాయరు చేత ఆ తండ్రికి నోటీసు ఇప్పించండి: అదే గ్రూపులో తప్పు ఒప్పుకుంటూ వాయిస్ మెసేజ్ పెట్టాలని. డబ్బు కంటే అది మీకు ఎక్కువ పనికొస్తుంది. అబద్ధం విన్నవాళ్ల చెవిలోనే దిద్దుబాటు కూడా పడాలి. చాలామంది నోటీసు దశలోనే దిగొస్తారు.

స్కూలుకి రాసే ఉత్తరం ఈ వారమే స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు (ప్రూఫ్ ఆఫ్ డెలివరీ) వచ్చేలా పంపండి. చేతికిస్తే ‘అందలేదు’ అంటారు. కాపీ ఒకటి మండల విద్యాశాఖాధికారికి కూడా. పోస్టాఫీసు రశీదు అక్షరాలు కొన్ని నెలల్లో వెలిసిపోతాయి, ఆ రోజే జిరాక్స్ తీయించి పెట్టుకోండి.