వోల్టేజీ 8 శాతం పెరిగితే కరెంటు 30 శాతం ఎందుకు పెరిగింది?

ప్రశ్న: మా ల్యాబులో 5 హెచ్‌పీ త్రీ ఫేజ్ ఇండక్షన్ మోటారును లోడు లేకుండా నడిపినప్పుడు 415 వోల్టుల వద్ద 3.4 ఆంపియర్లు తీసుకుంది. వేరియాక్‌తో (వోల్టేజీని కావలసినంత మార్చే ట్రాన్స్‌ఫార్మర్) 450 వోల్టులకు పెంచితే 4.4 ఆంపియర్లు చూపించింది. నా సిమ్యులేషన్ మాత్రం 3.7 దగ్గరే ఆగుతోంది. వాట్‌మీటర్ చూపిన పవర్ కూడా దానిలో రావడం లేదు. పొరపాటు ఎక్కడ ఉంది?
– ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: మీరు మాగ్నెటైజింగ్ రియాక్టెన్స్‌ను (అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించే కరెంటుకు ఎదురయ్యే అడ్డు) మారని సంఖ్యగా పెట్టుకున్నారు, అందువల్ల మీ మోడల్‌లో వోల్టేజీ ఎంత శాతం పెరిగితే కరెంటూ అంతే పెరుగుతుంది. ఫ్రీక్వెన్సీ మారనంత వరకు ఫ్లక్స్ (ఇనుములోని అయస్కాంత ప్రవాహం) వోల్టేజీనే అనుసరిస్తుంది. అయితే ఇనుమును పూర్తిగా వినియోగించుకోవడానికి మోటారును అయస్కాంతీకరణ వక్రరేఖ (ఎంత కరెంటుకు ఎంత ఫ్లక్స్ వస్తుందో చూపే గీత) వంపు తిరిగే చోటనే పనిచేసేలా తయారు చేస్తారు కనుక, ఆ వంపు దాటిన తర్వాత కొద్దిపాటి ఫ్లక్స్‌కు కూడా చాలా కరెంటు కావాలి. ఆ మోటారుకు ఎప్పుడైనా రీవైండింగ్ చేయించారేమో కనుక్కోండి. చుట్లు తగ్గించి చుట్టి ఉంటే 415 వోల్టులకే వంపు దాటిపోతుంది.

నో లోడ్ టెస్టును ఒక్క వోల్టేజీ వద్ద చేసి వదిలేయకండి. 460 వోల్టుల నుంచి మెట్లుమెట్లుగా తగ్గిస్తూ ప్రతిచోటా వోల్టేజీ, కరెంటు, పవర్ రాసుకోండి. స్లిప్ (తిరిగే అయస్కాంత క్షేత్రం కన్నా రోటరు వెనకబడే వేగం) పెరిగి కరెంటు తిరిగి ఎక్కడం మొదలైన చోట ఆపండి. లోడు లేనప్పుడు పవర్ ఫ్యాక్టర్ 0.5 కన్నా బాగా తక్కువ కాబట్టి త్రీ ఫేజ్ పవర్‌ను కొలిచే రెండు వాట్‌మీటర్లలో ఒకదాని ముల్లు వెనక్కి కొడుతుంది. దాని కాయిల్ కనెక్షన్ తిప్పి, ఆ రీడింగును తీసివేయాలి. (రికార్డుల్లో ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే.) మొత్తం పవర్‌లోంచి స్టేటర్ కాపర్ లాస్ (కదలని భాగపు చుట్లలో వేడిగా పోయే పవర్) తీసివేసి, మిగిలినదాన్ని వోల్టేజీ వర్గానికి ఎదురుగా గీయండి. ఆ గీతను సున్నా వోల్టేజీ వరకు పొడిగిస్తే రాపిడి, గాలి నష్టాలు తెలుస్తాయి. వాటిపైన ఉన్నది కోర్ లాస్, అంటే ఇనుములో పోయే పవర్. దాని నుంచి లెక్కించిన రెసిస్టెన్స్‌ను మాగ్నెటైజింగ్ శాఖకు సమాంతరంగా కలిపితే వాట్లు సరిపోతాయి.

పైన చెప్పిన వంపును, అంటే శాచురేషన్‌ను, మోడల్‌లో చూపడం కోసం ఇండక్టెన్స్‌ను కరెంటుతో మారే పట్టికగా పెట్టి, దానిని కరెంటు మార్పు రేటుతో గుణిస్తే చాలదు. ఇండక్టెన్స్ కూడా మారుతోంది గనుక ఒక పదం జారిపోతుంది. ఫ్లక్స్ లింకేజీనే (చుట్లన్నిటితో ముడిపడిన మొత్తం ఫ్లక్స్) స్టేట్ వేరియబుల్‌గా, అంటే సిమ్యులేషన్ అడుగడుగునా లెక్కించే రాశిగా తీసుకుని, కరెంటును వక్రరేఖ నుంచి చదువుకుంటే ఆ చిక్కు రాదు.

మోటారును వీఎఫ్‌డీ (ఫ్రీక్వెన్సీ మార్చి వేగాన్ని నియంత్రించే పరికరం) మీద నడిపే ఉద్దేశం ఉంటే కోర్ లాస్ రెసిస్టెన్స్‌ను స్థిరంగా ఉంచకూడదు. ఫ్లక్స్ మారకుండా ఫ్రీక్వెన్సీని 50 నుంచి 25 హెర్ట్జ్‌కు తగ్గించినప్పుడు కోర్ లాస్‌లో ఎడ్డీ కరెంట్ నష్టం (ఇనుములో సుడులుగా తిరిగే కరెంట్ల వల్ల) నాలుగో వంతుకు పడిపోతుంది గానీ, హిస్టరిసిస్ నష్టం (ఇనుము అయస్కాంత దిశ పదేపదే మారడం వల్ల) సగానికే తగ్గుతుంది. స్థిరమైన రెసిస్టెన్స్ ఈ రెంటినీ నాలుగో వంతుగానే చూపుతుంది. అదే ఫ్లక్స్‌తో 25 హెర్ట్జ్ వద్ద టెస్టు మళ్ళీ చేసి, రెండు కోర్ లాస్‌లనూ వాటి ఫ్రీక్వెన్సీలతో భాగించి పోల్చితే ఏ భాగం ఎంతో విడిగా తేలుతుంది.