గైడుని ఎక్కడ దాచావు?

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దాంతోపాటు వియత్నాం యాత్ర గురించి నువ్వు రాసిన నలభై రెండు పేజీల కట్టా పోయిన నెలే అందాయి. జవాబు ఆలస్యమైంది. కంట్లో శుక్లం తీయించుకున్నాను, డాక్టరు చదవొద్దన్నాడు. అయితే అదొక్కటే కారణం కాదులే. మొదటి పది పేజీలు చదివేసరికి చిరాకేసి పక్కన పడేశాను.

ఎందుకో చెప్తాను. ముందు నీ ఉత్తరం చదివాను. ఒకటిన్నర పేజీ. అందులో మీ గ్రూపు ఇరవై ఎనిమిది మందీ ఉన్నారు. సూట్‌కేసు నిండా పచ్చళ్ళ ప్యాకెట్లు మోసుకొచ్చిన టూర్ మేనేజర్ ఉన్నాడు. హాలాంగ్ అఖాతంలో ఓడ మీద పెరుగు లేదంటే అలిగి కూర్చున్న మీ నాన్నగారున్నారు. హనోయ్‌లో మీ అమ్మగారు ‘చాయ్, చాయ్’ అని అడిగితే హోటలు పిల్ల తల ఊపి వెళ్ళి టోఫూ కూరా అన్నం తెచ్చి పెట్టడం చదివి పైకే నవ్వాను. వాళ్ళ భాషలో ఆ మాటకి మాంసం లేని భోజనం అని అర్థం. అక్కడి బౌద్ధులు చాలామంది అమావాస్యకీ పౌర్ణమికీ అదే తింటారు. మన ఇళ్ళల్లో ఏకాదశి ఉపవాసం లాంటిదన్నమాట.

ఆ హుషారులో కట్ట విప్పాను. ఒక్కరూ లేరు. అమ్మ లేదు, నాన్న లేడు, పచ్చళ్ళ ప్యాకెట్లు లేవు, బస్సు లేదు. నలభై రెండు పేజీల్లోనూ నువ్వొక్కదానివే. ‘ఒంటరిగా శిథిలాల మధ్య నిలబడి కాలం అడుగుల చప్పుడు విన్నాను’ అని రాశావు. ఎలా వినబడిందమ్మా? పక్కన ఇరవై ఏడు మంది ఫొటోలు దిగుతుంటే!

అసలు కోపం వాళ్ళ కోసం కాదు, గైడు కోసం. ఆరు రోజులు మీతో తిరిగిన మనిషి. నీకు తెలిసిన వియత్నాంలో ముప్పాతిక వంతు అతను చెప్పిందే. అతని నోటి మాటలన్నీ నువ్వే పుట్టించినట్టు రాసుకుని, అతన్ని మాత్రం బయటికి పంపేశావు. ప్యాకేజీ టూర్ అంటే నామోషీ అనుకున్నావు కాబోలు. ఇప్పుడదో ఫ్యాషన్. సంచి భుజాన వేసుకుని ఒక్కరే తిరిగితే ‘ట్రావెలర్’, జెండా పట్టుకున్న మనిషి వెనక నడిస్తే ‘టూరిస్టు’. ఈ తేడా కనిపెట్టినవాళ్ళకి పసిపిల్లలూ లేరు, మోకాళ్ళ నొప్పులూ లేవు. నేను 2014లో మోకాళ్ళకి బెల్టు కట్టుకుని అదే హనోయ్, అదే హాలాంగ్ ప్యాకేజీలోనే చూశాను. సిగ్గెందుకు?

ఎవరు చెబితే తెలిసిందో రాయి. నలభై ఏళ్ళుగా నేను చెప్పేది ఇదొక్కటే. విని విని మా ఇంట్లోవాళ్ళకి విసుగు పుట్టింది, నీకూ పుడుతుంది, అయినా విను.

హాలాంగ్ సంగతే చూడు. ‘ఇక్కడ సరిగ్గా 1969 దీవులున్నాయి’ అని రాశావు, నువ్వే పడవేసుకుని లెక్కపెట్టినట్టు. యునెస్కో 1994లో దాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది, వాళ్ళ పత్రాల్లో దీవులూ దిబ్బలూ కలిపి సుమారు 1600 అనే ఉంటుంది. ఏది దీవి, ఏది ఒట్టి రాయి అన్నదాన్నిబట్టి లెక్క మారుతుంది. మరి 1969 అనే అంకె గైడు ఎందుకు చెబుతాడు? వాళ్ళ స్వాతంత్ర్య నాయకుడు హోచిమిన్ పోయిన సంవత్సరం అది. నాకు చెప్పిన గైడు ఆ మాట అని ఒక్క క్షణం ఆగాడు, మా మొహాల్లోకి చూశాడు, చిన్నగా నవ్వాడు. నమ్మాడో, నమ్మమన్నాడో, మేం నమ్ముతామా లేదా అని చూశాడో ఇప్పటికీ తెలీదు. ఆ అంకెని అతని నోట్లోనే ఉంచితే ఒక మనిషి కనబడేవాడు. నువ్వు తీసి నీ నోట్లో పెట్టుకునేసరికి అది తప్పు లెక్కయింది.

ఆ 1969 సంగతే ఇంకొకటి. హోచిమిన్ పోయింది సెప్టెంబర్ 2న. 1945లో అదే తేదీన ఆయన హనోయ్ బాదిన్ మైదానంలో స్వాతంత్ర్య ప్రకటన చదివాడు. పండగ రోజున చావు కబురెందుకని ప్రభుత్వం 3వ తేదీ అని చెప్పింది. అసలు తేదీ 1989లో గానీ ఒప్పుకోలేదు. దహనం చేయమని రాసిపోయిన మనిషిని అద్దాల పెట్టెలో పడుకోబెట్టారు. నువ్వా క్యూలో గంటన్నర నిలబడ్డావు, ఉత్తరంలో రాశావు. వ్యాసంలో ‘మహనీయుని దర్శించి పులకించాను’ అని తేల్చేశావు. గంటన్నరలో నీ ముందూ వెనకా నిలబడ్డవాళ్ళు ఎవరు? ఏం మాట్లాడుకున్నారు?

హనోయ్‌లోని సాహిత్య దేవాలయానికి ఒక్క వాక్యం ఇచ్చావు. 1070లో కట్టిన చోటు. పరీక్షల్లో నెగ్గినవాళ్ళ పేర్లు చెక్కిన 82 రాతి ఫలకాలు, ఒక్కోటీ ఒక్కో రాతి తాబేలు వీపు మీద. పరీక్షల ముందు పిల్లలొచ్చి ఆ తాబేళ్ళ తలలు నిమిరి నిమిరి అరగదీస్తుంటే, చుట్టూ కంచె కట్టాల్సి వచ్చింది. ఎంసెట్ టెన్షన్ పడ్డదానివే కదా, అక్కడ నీకేమీ అనిపించలేదా?

ఇక ‘మీ సన్’, ఆ పాత శివాలయాలున్న చోటు. నువ్వు ‘మై సన్’ అని రాశావు. నువ్వు వినలేదనడానికి ఇదే సాక్ష్యం. గైడు పదిసార్లు ‘మీ సన్’ అని ఉంటాడు. ఇంటికొచ్చి ఇంగ్లీషు అక్షరాలు చూసి రాసుకున్నావు. ‘హ్యూ’ అనే ఊరి పేరూ అంతే, అది హ్వే. పేరే చెవిన పడనిదానివి కథేం విన్నావ్?

ఆ గుళ్ళ దగ్గర ‘మన రాజులు సముద్రాలు దాటి ఏలిన గడ్డ’ అని ఆవేశపడ్డావు. ఏలింది చంపా రాజులమ్మా, చామ్ జనం. వాళ్ళ భాష వేరు, జాతి వేరు. మన వైపు నుంచి శివుణ్ణీ, సంస్కృతాన్నీ, లిపినీ తీసుకుని తమవి చేసుకున్నారు. నాలుగో శతాబ్దంలో భద్రవర్మ తన పేరు కలిపి భద్రేశ్వరుడని లింగాన్ని నిలబెట్టాడు. 1969లోనే (మళ్ళీ ఆ సంవత్సరమే) అమెరికా బాంబులకి అక్కడి పెద్ద గోపురం కూలిపోయింది. బాంబు గుంటలు గుళ్ళ పక్కనే ఉన్నాయి, గడ్డి మొలిచి. 2017 నుంచి మన పురావస్తు శాఖవాళ్ళు వెళ్ళి మరమ్మతులు చేశారు. 2020లో ఆ పనిలోనే తొమ్మిదో శతాబ్దపు ఇసుకరాతి లింగం బయటపడింది. నీ నాలుగు పేజీల ఆవేశంలో ఒక్క గుంట లేదు. చామ్‌లు ఇప్పటికీ ఉన్నారన్న మాటా లేదు. దక్షిణాన ఫాన్ రాంగ్ దగ్గర పో క్లోంగ్ గరాయ్ గుడిలో ఏటా కాతే పండగ చేసుకుంటారు.

నా కథ ఒకటి చెప్పనీ. 1986లో రాజమండ్రి నుంచి కాశీ యాత్ర బస్సులో వెళ్ళాం. నలభై అయిదు మందిమి, ఇద్దరు వంటవాళ్ళు, బస్సు పైన గుండిగలు. గయలో కట్టెల బేరం దగ్గర మా పెద్ద వంటాయన హిందీ ముక్క రాకుండా, ఒట్టి చేతులతోనూ కనుబొమలతోనూ గంటసేపు పోట్లాడి అర్ధరూపాయి తగ్గించాడు. అదే రాశాను. ఒక వారపత్రికకి పంపితే సంపాదకుడు పిలిపించి, ‘వంటవాడెందుకమ్మా, పాఠకులకి గంగ కావాలి, అనుభూతి కావాలి’ అన్నాడు. మొదటి రచన, అచ్చులో పేరు చూసుకోవాలన్న ఆశ. ఒప్పుకున్నాను. వంటాయన్నీ బస్సునీ కొట్టేశాడు. అచ్చయిన దాంట్లో నేనొక్కదాన్నే తెల్లారుజామున మెట్ల మీద నిలబడి జీవితం గురించి ఆలోచిస్తున్నాను. నిజానికి ఆ మెట్లు పాచి పట్టి ఉంటే, మా ఆడపడుచు నా చెయ్యి గట్టిగా పట్టుకుని దింపింది. ఆవిడ పత్రిక చదివి, మడత పెట్టి, ‘వదినా, నేనెక్కడున్నాను?’ అంది. నవ్వుతూనే అడిగింది. నేను కాఫీ పెట్టే నెపంతో లోపలికెళ్ళిపోయాను.

ఆ సంపాదకుడి జాతి పోలేదు. ఇప్పుడు వాళ్ళకి గంగకి బదులు ‘అయిదు రోజుల్లో వియత్నాం, ఖర్చెంత?’ అనే డబ్బా కావాలి. అడిగితే ఇవ్వకు.

నీటిబొమ్మలాట గురించి రెండు పేజీలు రాశావు. నిప్పులు కక్కే డ్రాగన్, ఎగిరే చేపలు, అన్నీ వచ్చాయి. మన తోలుబొమ్మలాటలో కేతిగాడిలా ముందుగా వచ్చి నవ్వించే చూ తేవు కూడా వచ్చాడు, సంతోషం. కానీ ఆట అయ్యాక వెదురు తెర వెనక నుంచి, నడుము దాకా నీళ్ళలో నిలబడి ఆడించినవాళ్ళు బయటికొచ్చి దండం పెడతారు. అది చూడకుండా లేచొచ్చేశారా, బస్సు బయల్దేరుతోందని?

హోయాన్ ఊరి లాంతర్ల గురించి బాగానే రాశావు. అందరూ రాసేదే.

ఇన్ని తిట్టి కూడా ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, ముప్పై ఒకటో పేజీ. నలభై రెండు పేజీల్లో గైడు కనబడేది అక్కడొక్కచోటే. కూచీ సొరంగాలు, సైగాన్ దగ్గర యుద్ధంలో గెరిల్లాలు దాక్కుని పోరాడినవి. ‘మేమంతా లోపలికి దిగుతుంటే గైడు దిగలేదు. పైన చెట్టు కింద కూర్చుని ఉడికించిన కర్రపెండలం ముక్క తీసుకుని, వాళ్ళ నాన్న మూడేళ్ళు ఇదే తిని బతికాడని చెప్పాడు.’ అది చదివి కళ్ళద్దాలు తీసేశాను. మా సామర్లకోట వైపు కర్రపెండలం తెలియనివాళ్ళు లేరు. అది తిని మూడేళ్ళంటే నాకు తెలుసు.

వెంటనే నువ్వు 250 కిలోమీటర్ల సొరంగాలూ, వీరుల త్యాగాలూ అంటూ పరుగెత్తావు. ఆ నాన్న సొరంగంలో పోరాడినవాడని నీకెవరు చెప్పారు? గైడు అన్నాడా? సైగాన్ వైపు మనిషి కదా. ఆ దక్షిణాన ఒకే ఇంట్లో అన్న ఒక సైన్యంలో, తమ్ముడు ఇంకో సైన్యంలో ఉన్నవాళ్ళున్నారు. 1975 ఏప్రిల్ 30న సైగాన్ ఉత్తరాది సైన్యం చేతిలో పడ్డాక, ఓడిన దక్షిణ పక్షం సైనికుల్ని ‘పునర్విద్య’ శిబిరాలకి పంపి ఏళ్ళ తరబడి పని చేయించారు. అక్కడా తిన్నది ఈ దుంపలే. శిబిరం కాకపోతే, 1986లో ‘దోయ్ మోయ్’ అనే ఆర్థిక సంస్కరణలు వచ్చేదాకా నడిచిన రేషన్ రోజులు, బియ్యంలో దుంపలు కలుపుకుని వండుకున్న కాలం. సొరంగమా, శిబిరమా, రేషన్ క్యూనా? దాన్నిబట్టి ఆ మనిషి ఎందుకు లోపలికి దిగలేదో మారిపోతుంది. రోజూ దిగి దిగి విసుగెత్తి కూడా దిగకపోవచ్చు, అదీ నిజమే.

ఆ పక్కనే డబ్బు కట్టి ఏకే 47 పేల్చుకునే చోటుంది, చప్పుడు ఆగదు. ఆ చప్పుడులో అతను నెమ్మదిగా తింటున్నాడా, గబగబా తింటున్నాడా? పల్లీ పొడీ ఉప్పూ కలిపి అద్దుకు తినమని పెడతారు. అద్దుకున్నాడా, ఒట్టిదే తిన్నాడా?

పుస్తకం ఎవరు వేస్తారు, పోటీకి పంపనా, ముందుమాట రాస్తారా అని అడిగావు. అవన్నీ తరవాత.

గైడు వాట్సాప్ నంబరు నీ దగ్గరుందని ఉత్తరంలో రాశావు, వాళ్ళ కొత్త సంవత్సరం టెట్ పండక్కి శుభాకాంక్షలు కూడా పంపాడన్నావు. ముందు మీ అమ్మగారి క్షేమం, నాన్నగారి పెరుగు సంగతీ రాసి, తరవాత వాళ్ళ నాన్న సంగతి అడుగు. చెప్పకపోతే, అడిగాను చెప్పలేదు అని రాయి. ముప్పై ఒకటో పేజీ నుంచి మళ్ళీ మొదలుపెట్టు. ఈసారి పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి పంపు, నా కన్ను ఇంకా పూర్తిగా కుదుటపడలేదు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ