ఇంజిన్ భయమా, లోడర్ అన్న పేరు భయమా?

ప్రశ్న: మాది కల్వకుర్తి దగ్గర పల్లె. మా వాడు ఇంటర్ అయిపోయి, శంషాబాద్ ఎయిర్‌పోర్టులో గ్రౌండ్ స్టాఫ్ ఉద్యోగం వస్తుందని ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరతానంటున్నాడు. ఫీజు లక్షన్నర. ఇంజిన్ మనిషిని లాగేసిందని వార్తలు చూసి వాళ్లమ్మకు నిద్ర లేదు. సామాన్లు మోసే పని కూడా ఉంటుందట. నేను ముంబైలో మట్టి తట్టలు మోసినవాణ్ని. వాడిని పంపాలా, డిగ్రీలో చేర్చాలా?

జవాబు: వాళ్లమ్మ భయం ఉత్తదేం కాదు. 2015 డిసెంబరులో ముంబైలో, 2022 డిసెంబరు 31న అమెరికాలోని మాంట్‌గోమరీలో అలాంటి ప్రమాదాలే జరిగాయి. మాంట్‌గోమరీలో విమానం వచ్చి ఆగింది కానీ ఇంజిన్ ఇంకా తిరుగుతోంది, విమానం మీది ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. ఆ లైటు ఆరేదాకా విమానం దగ్గరికి పోకూడదన్నది ర్యాంప్‌లో, అంటే విమానాలు ఆగే చోట, మొదటి రోజే నేర్పే పాఠం. ఇంజిన్లు ఆగాక చక్రాలు దొర్లకుండా చోక్స్ అనే అడ్డు దిమ్మెలు, చుట్టూ కోన్లు. అప్పుడే మిగతా బండ్లు కదలాలి.

అయితే రోజువారీ ప్రమాదం ఇంజిన్‌ది కాదు, తొందరది. దిగిన చిన్న విమానం అరగంట, ముప్పావు గంటలో మళ్లీ ఎగరాలి. ఆ కాస్త సమయంలోనే ఆయిల్ బండి, భోజనం ట్రక్కు, సామాన్లు పైకెక్కించే బెల్ట్ లోడర్, నిచ్చెన అన్నీ దాని చుట్టూ చేరతాయి. విమానానికి ఆనించే ముందు డ్రైవరు బండి ఆపి ఒకసారి బ్రేకు చూసుకోవాలి, రివర్స్ తీస్తుంటే వెనక సైగ చేసే మనిషి ఉండాలి. విమానం అడుగున సామాన్ల అరలో సర్దేవాడు నిలబడలేడు. మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కొక్కటి 20 కిలోలు దాటే సూట్‌కేసులను నడుము తిప్పుతూ నెట్టాలి. ఇలాంటి పనిలో ముందు పాడయ్యేవి నడుము, భుజం, చెవులు. చెవులకు మఫ్స్ పెట్టుకోకుండా స్టైల్ కొట్టేవాణ్ని సీనియర్లు తిట్టాలి, తిడతారు కూడా. మెడలో వేలాడే గొలుసు, చేతి కడియం ఇంట్లోనే పెట్టి వెళ్లాలి.

ఇక ఆ లక్షన్నర. నా అనుమానమంతా దాని మీదే. బ్లేజర్ వేసుకున్న అమ్మాయి ఫొటో బోర్డు మీద పెట్టి, లోపల ఇంగ్లిష్, గ్రూమింగ్ నేర్పి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలు చాలా ఉన్నాయి. విమానం దగ్గరికి పోవాలంటే విమానాశ్రయాల భద్రత చూసే కేంద్ర సంస్థ బ్యూరో ఆఫ్ సివిల్ ఏవియేషన్ సెక్యూరిటీ నిబంధనల ప్రకారం ఎంట్రీ పాస్ ఉండాలి. దానికి పోలీసు విచారణ ఉంటుంది, దరఖాస్తు పెట్టాల్సింది ఉద్యోగమిచ్చిన సంస్థే. సెక్యూరిటీ, ర్యాంప్ భద్రత శిక్షణ కూడా చేరాక కంపెనీయే ఇప్పిస్తుంది. ఇన్‌స్టిట్యూట్ ఆ గేటు దాటించలేదు. ఎయిర్‌పోర్టుల్లో ఈ పనులు చేయించే ఏఐ ఎయిర్‌పోర్ట్ సర్వీసెస్ లాంటి సంస్థ నోటిఫికేషన్లు తీసి చదవండి. సామాన్లు ఎత్తి దించే హ్యాండీమన్‌కు పదో తరగతి చాలంటుంది, ర్యాంప్ డ్రైవర్‌కు దాంతోపాటు హెవీ లైసెన్సు అడుగుతుంది. లక్షన్నర కోర్సు ఎక్కడా అడగదు. అవి కాంట్రాక్టు ఉద్యోగాలని మాత్రం గుర్తుంచుకోండి.

ఒక మాట కటువుగా చెప్తాను, ఏమీ అనుకోకండి. మీరు ఫీజెంతో అడిగారు, చేరాక పని ఏమిటో అడగలేదు. అప్పు తెచ్చి కట్టే ముందు ఆ సంస్థలో చదివి, ఇప్పుడు ర్యాంప్‌లో పనిచేస్తున్న ఒక్క పిల్లాడితోనైనా మాట్లాడించమని అడగాల్సింది కదా? మీ ఉత్తరంలో అసలు బాధ చివర్లో ఉంది. తట్ట మోసినవాడి కొడుకు మళ్లీ మోతపనికే పోతున్నాడని. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ర్యాంప్‌లో బూట్లు, పాస్, షిఫ్టు, పీఎఫ్ ఉన్న పని చేసేవాడిని చూసి సిగ్గుపడాల్సింది ఏముంది? వాడు అక్కడే ఉండిపోతాడని కూడా లేదు. లైసెన్సు తెచ్చుకుంటే ట్రాక్టరు, విమానాన్ని వెనక్కి నెట్టే పుష్‌బ్యాక్ టగ్ దాకా పోవచ్చు.

డిగ్రీనా ఇదా అన్నారు. చదువు మీద మనసున్నవాడైతే డిగ్రీ, లేకపోతే ఐటీఐలో డీజిల్ మెకానిక్. ఈ రెండోదానికి ఎయిర్‌పోర్టు బండ్ల మరమ్మతులోనూ గిరాకీ ఉంటుంది, బయటా ఉంటుంది. ఎటూ తేలకపోతే దూరవిద్యలో డిగ్రీ చేస్తూ హెవీ లైసెన్సుకు సిద్ధం కావచ్చు. ముందు లైట్ లైసెన్సు తీసుకుని ఏడాది ఆగాకే హెవీకి అనుమతిస్తారు కాబట్టి ఈ నెలలోనే లెర్నర్స్‌కు అప్లై చేయించండి. అడ్వాన్సు ఇప్పటికే ఇచ్చి ఉంటే, రసీదు మీద వెనక్కిచ్చే షరతులేమున్నాయో చదివి, వాళ్లను రాతపూర్వకంగా అడగండి. ఫోన్లో మాటిచ్చారన్నది లెక్కలోకి రాదు.