ఆర్మీలో శాట్‌కామ్ డెట్ అంటే ఏం పని ఉంటుంది? సిగ్నల్స్‌లో చేసిన అనుభవంతో నా సమాధానం

మీ తమ్ముడు అగ్నివీర్‌గా సిగ్నల్స్‌కి, అంటే ఆర్మీలో కమ్యూనికేషన్లు చూసే విభాగానికి, సెలక్టయ్యాడని, జబల్‌పూర్ ట్రైనింగ్ తర్వాత శాట్‌కామ్ డెట్‌లో, అంటే శాటిలైట్ లింకు నడిపే చిన్న జట్టులో, వేస్తారేమోనని రాశారు. అక్కడ పనేముంటుంది, అది శాటిలైట్ ఫోన్ లాంటిదేనా, స్టార్‌లింక్ అనే శాటిలైట్ ఇంటర్నెట్ డిష్ ఒకటి పెట్టుకుంటే సరిపోదా అని అడిగారు. నేను సిగ్నల్స్‌లో చేసి రిటైరయ్యాను, సర్వీసులో చాలా కాలం ఈ డిష్‌ల వెంటే తిరిగాను. యూనిట్ల పేర్లు, ఫ్రీక్వెన్సీలు, సెట్ల మోడళ్లు మాత్రం రాయను.

శాట్‌ఫోన్ ఒక మనిషి మాట్లాడటానికి. దాని యాంటెన్నా చిన్నది, ఆకాశం బాగా కనిపిస్తే చాలు. డెట్ నడిపే సెట్‌ని టెర్మినల్ అంటాం, దానిలో ఒక హెడ్‌క్వార్టర్‌కి కావలసిన ఫోన్లు, డేటా, మ్యాపులు, వీడియో అన్నీ ఒకే లింకు మీద నడవాలి, కాబట్టి డిష్ కావాలి, డిష్ అంటే గురి కావాలి. శాటిలైట్ భూమధ్యరేఖ మీద 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. 1.2 మీటర్ల డిష్ నుంచి కేయూ బ్యాండ్‌లో (డీటీహెచ్ కూడా వాడే ఫ్రీక్వెన్సీల శ్రేణి) వెళ్లే కిరణం వెడల్పు డిగ్రీన్నర కూడా ఉండదు. అజిమత్ (ఉత్తరం నుంచి ఎన్ని డిగ్రీల దిక్కు), ఎలివేషన్ (నేల నుంచి ఎన్ని డిగ్రీల ఎత్తు), పోలరైజేషన్ (తరంగం ఏ వాటంలో కంపిస్తుందో అది) మూడూ కుదరాలి. పోలరైజేషన్ సరిగ్గా తిప్పకుండా ట్రాన్స్‌మిట్ చేస్తే మన సిగ్నల్ అదే శాటిలైట్ మీద వేరేవాళ్ల లింకులోకి వెళ్లి పడుతుంది, అందుకే నెట్‌వర్క్ మొత్తాన్ని చూసుకునే హబ్ స్టేషన్ వాళ్లు ముందు ఒక టెస్ట్ సిగ్నల్ పంపమని, చూసుకుని, సరే అన్నాకే పూర్తి పవర్ ఇవ్వనిస్తారు.

ఇదంతా ట్రైనింగ్‌లో ఉస్తాద్‌లు నేర్పుతారు, వచ్చేస్తుంది. అసలు కష్టం, నా దృష్టిలో డెట్ పనితనం మొత్తం తేలేది, డిష్ ఎక్కడ పెట్టాలన్న దగ్గర. మన దేశంలో ఎక్కడ నిలబడినా ఈ శాటిలైట్లు దక్షిణం వైపే ఉంటాయి. హైదరాబాద్ నుంచి చూస్తే దాదాపు 70 డిగ్రీల ఎత్తున, ఇంచుమించు నడినెత్తికి దగ్గరగా ఉండే శాటిలైట్ లేహ్ నుంచి 50 డిగ్రీలకు దిగిపోతుంది. ఇరుకు లోయలో దక్షిణం వైపు నిటారు కొండ ఉందనుకోండి, ఎంత ఖరీదైన సెట్ అయినా లింకు రాదు. హెడ్‌క్వార్టర్ టెంట్లకేమో అదే కొండ నీడ కావాలి, ఎందుకంటే అక్కడ గాలి తగలదు, అవతలివాడి కంటా పడదు. డిష్ కూడా మా పక్కనే పెట్టండి అంటారు. అప్పుడు నాయక్ అయినా హవల్దార్ అయినా క్లినోమీటర్ పెట్టి కొండ ఎత్తు కొలిచి చూపించి, సాబ్, ఇక్కడ కుదరదు, అవతల పెట్టి కేబుల్ లాగుతాం అని చెప్పగలగాలి. దూరంగా పెట్టడంలో ఇంకో లాభం కూడా ఉంది. డిష్ కిరణం పైకే వెళ్తుంది కాబట్టి మామూలు రేడియో సెట్‌లాగా నేల మీద నుంచి దాన్ని పట్టుకోవడం తేలిక కాదు గానీ సైడ్ లోబ్స్, అంటే పక్కలకి కారిపోయే చిన్న కిరణాలు, ఉంటాయి, డ్రోన్‌కి డిష్ కనబడుతుంది, అది దొరికితే హెడ్‌క్వార్టర్ కూడా దొరికినట్టే.

దిక్సూచి విషయం చెప్పండి వాడికి. వాహనం పక్కన నిలబడి దిక్కు చూడకూడదు, ఇనుముకి ముల్లు పక్కకి పోతుంది. బాగా దూరం వెళ్లి చూడాలి.

చలిలో వచ్చే ఇబ్బందులు చాలామందికి తెలియవు. సున్నాకి కింద లిథియం బ్యాటరీని ఛార్జ్ చేస్తే పాడవుతుంది, మామూలు బ్యాటరీ సగంలోనే చేతులెత్తేస్తుంది, కేబుల్ కర్రలా బిగుసుకుపోయి వంచితే పైతొడుగు పగులుతుంది. పొడి మంచు కన్నా కరుగుతున్న తడి మంచు సిగ్నల్‌ని ఎక్కువ తినేస్తుంది, కాబట్టి ఎండ రాగానే ఫీడ్ (డిష్ ముందుండే, సిగ్నల్ పంపే, అందుకునే భాగం) మీద, డిష్ మీద తుడవాలి, తుడిచేముందు ట్రాన్స్‌మిట్ ఆపాలి, ఇది మర్చిపోకూడదు. ఈశాన్యంలో అయితే వాన. కేయూ బ్యాండ్ భారీ వర్షాన్ని తట్టుకోలేదు. మీ ఇంట్లో డీటీహెచ్ వానలో ఆగిపోయినట్టే ఇదీ ఆగుతుంది, ఇక్కడ అవతల ఎదురుచూసేది గస్తీకి వెళ్లిన పార్టీ.

స్టార్‌లింక్ సంగతి. ఉక్రెయిన్‌లో అది ఎంత పనికొచ్చిందో అందరం చూశాం, 550 కిలోమీటర్ల ఎత్తే కాబట్టి ఆలస్యం తక్కువ, డిష్ తనే గురి చూసుకుంటుంది. మా లింకులో మాట వెళ్లి జవాబు రావడానికి అర సెకను పడుతుంది, 'ఓవర్' అనే అలవాటు లేని ఆఫీసర్లు ఒకరి మీద ఒకరు మాట్లాడేస్తారు. అయినా సైన్యం తన లింకుని వేరేవాళ్ల చేతిలోని స్విచ్ మీద వదిలేయకూడదన్నది నా గట్టి అభిప్రాయం. 2022 ఫిబ్రవరి 24న, యుద్ధం మొదలైన రోజే, కేఏ-శాట్ అనే వాణిజ్య శాటిలైట్ నెట్‌వర్క్ మీద సైబర్ దాడి జరిగి యూరప్ అంతటా వేల మోడెములు పనికిరాకుండా పోయాయి. శాటిలైట్‌కి ఏమీ కాలేదు, నేల మీది వ్యవస్థలోంచే దెబ్బ కొట్టారు. మనకి నేవీ కోసం జీశాట్-7 2013లో వెళ్లింది, ఎయిర్‌ఫోర్స్ కోసం జీశాట్-7ఎ 2018 డిసెంబరులో మన శ్రీహరికోట నుంచే వెళ్లింది, ఆర్మీకి జీశాట్-7బి కోసం 2023 మార్చిలో 2,963 కోట్లకి ఒప్పందం అయింది. సొంత శాటిలైట్ ఉంటే ఆ మూల లోయలో కూర్చున్న కుర్రాడికి ఎంత ధైర్యమో అక్కడ డ్యూటీ చేసినవాళ్లకి తెలుసు.

వెళ్లేలోపు ఏం నేర్చుకోవాలని కూడా అడిగారు కదా. పాత డీటీహెచ్ డిష్ ఒకటి, చవకగా దొరికే సిగ్నల్ ఫైండర్ ఒకటి తీసుకుని డాబా మీద డీడీ ఫ్రీ డిష్ పట్టమనండి. ఆ ఛానళ్లు వచ్చే జీశాట్-15 తూర్పు 93.5 డిగ్రీల దగ్గర ఉంటుంది. మీది విశాఖ అన్నారు కాబట్టి లెక్కేస్తే అజిమత్ 149, ఎలివేషన్ 66 దగ్గర రావాలి. ముందు కాగితం మీద తనే లెక్క కట్టి, తర్వాత డిష్ తిప్పాలి, యాప్ చూడకుండా.